ఎవరూ కొనని వాచీ 115 కోట్లు ఎలా పలికింది? క్రోనోగ్రాఫ్‌ల కథ



ఈ మధ్య మన ఫీడ్‌లో ఒక రకం వీడియోలు తెగ వస్తున్నాయి, గమనించారా? "ఈ హీరో చేతికున్న వాచీ ధర తెలిస్తే షాకవుతారు!" హీరోగారు ఎయిర్‌పోర్టులో నడుచుకుంటూ వెళ్తుంటారు. చేతి చుట్టూ ఎర్ర గుండ్రం, పక్కన బాణం గుర్తు, కింద కోట్లలో ఒక అంకె. నేను కూడా క్లిక్ చేస్తా, అబద్ధం ఎందుకు? కానీ వీడియో అయిపోయాక ధర తప్ప ఇంకేం గుర్తుండదు. ఆ వాచీలో ఏముంది, దాన్ని ఇష్టపడేవాళ్ళు ఏం చూసి ఇష్టపడుతున్నారు అనేది ఎవరూ చెప్పరు.

సో, ఈరోజు ఎపిసోడ్ దాని గురించే. అన్ని వాచీలూ కాదు, ఒకే ఒక్క రకం: క్రోనోగ్రాఫ్. అంటే లోపల స్టాప్‌వాచ్ కూడా ఉన్న చేతి గడియారం. వాచీలు సేకరించే వాళ్ళు గంటలు గంటలు వాదించుకునేది ఎక్కువగా వీటి గురించే. వాళ్ళని కలెక్టర్లు అంటారు. జిల్లా కలెక్టర్లు కాదండోయ్, వాచీ కలెక్టర్లు.

ముందు నా పరువు నేనే తీసుకుంటా

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొదటి జీతంతో ఒక వాచీ కొన్నా. డయల్ మీద మూడు చిన్న డయల్స్, పక్కన రెండు బటన్లు. చూడ్డానికి రేసింగ్ కారు డ్యాష్‌బోర్డ్ లాగా ఉంది. ఆర్నెల్లు దాన్ని క్రోనోగ్రాఫ్ అని అందరికీ చెప్పుకుని తిరిగా.

ఒకరోజు టీ బ్రేక్‌లో మా టీమ్ సీనియర్ ఒకాయన "ఏదీ, స్టాప్‌వాచ్ స్టార్ట్ చెయ్యి చూద్దాం" అన్నారు. నొక్కా. ఏ ముల్లూ కదల్లేదు. ఆయన నవ్వి, "తమ్ముడూ, ఒకటి వారం, ఒకటి తేదీ, మూడోది 24 గంటల లెక్క. ఆ బటన్లు వాటిని సరిచేసుకోవడానికి. ఇది క్రోనోగ్రాఫ్ కాదు, దాని వేషం" అన్నారు. వాచీ తప్పేం లేదు, డబ్బా మీద రాసే ఉంది. నేనే చదవలేదు.

ఆ రోజు రాత్రి కూర్చుని అసలు క్రోనోగ్రాఫ్ అంటే ఏంటో చదవడం మొదలుపెట్టా. ఇప్పటికీ ఆపలేదు. అంచేత ఈ ఎపిసోడ్‌కి అసలు కారకుడు ఆయనే.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మామూలు వాచీలో చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. క్రోనోగ్రాఫ్‌లో వాటి పక్కన ఇంకో చక్రం ఖాళీగా నిలబడి ఉంటుంది. మీరు పై బటన్ నొక్కగానే ఒక మీట కదిలి, తిరుగుతున్న చక్రానికీ ఈ ఖాళీ చక్రానికీ లంకె వేస్తుంది. అప్పుడు మధ్యలో ఉన్న పొడుగు ముల్లు పరుగు మొదలుపెడుతుంది. మళ్ళీ నొక్కితే లంకె తెగుతుంది, ముల్లు ఆగుతుంది. బైక్‌లో క్లచ్ ఎలాగో ఇదీ అలాగే. అందుకే దీన్ని కూడా క్లచ్ అనే అంటారు.

మరి కింద బటన్ నొక్కితే ముల్లు ఎక్కడున్నా సరే, టక్కుమని సున్నాకి ఎలా వస్తుంది? ఇది నాకు చాలా నచ్చిన ఇంజినీరింగ్. ముల్లు ఇరుసు మీద గుండె ఆకారంలో ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. బటన్ నొక్కితే ఒక చిన్న సుత్తి వచ్చి ఆ గుండె అంచు మీద పడుతుంది. అంచు వాలుగా ఉంటుంది కాబట్టి, సుత్తి ఎక్కడ పడినా గుండె జారుతూ తిరిగి పైనున్న నొక్కు దగ్గరే ఆగుతుంది. ఆ నొక్కు దగ్గరే సున్నా. ప్రోగ్రామ్ లేదు, సెన్సార్ లేదు, ఉన్నదంతా ఆకారమే. అడాల్ఫ్ నికోల్ అనే ఆయన దీనికి 1844లో పేటెంట్ తీసుకున్నాడు. 180 ఏళ్ళయినా ఇప్పటి మెకానికల్ క్రోనోగ్రాఫ్‌లు ఈ పద్ధతితోనే సున్నాకి వస్తున్నాయి. నేను రాసిన కోడ్ ఆర్నెల్లకే ఎవరో ఒకరు మార్చేసేవాళ్ళు!

ఇంకో విషయం. కొన్ని వాచీల చుట్టూ అంచు మీద 60 నుంచి 500 దాకా అంకెలు కనిపిస్తాయి కదా, అవి అలంకారం కాదు. దాన్ని టాకీమీటర్ అంటారు. హైవే మీద ఒక కిలోమీటరు రాయి దగ్గర బటన్ నొక్కండి. తర్వాతి రాయి దగ్గర ఆపండి. 36 సెకన్లు పట్టిందనుకోండి, ముల్లు ఎదురుగా 100 ఉంటుంది. అంటే గంటకి వంద కిలోమీటర్ల వేగం. నడిపేవాళ్ళు మాత్రం ట్రై చెయ్యకండి, పక్క సీట్లో ఉన్నవాళ్ళు చూడండి.

కొన్ని పాత వాచీల మీద టెలిమీటర్ ఉండేది. మెరుపు కనిపించగానే నొక్కి, ఉరుము వినిపించగానే ఆపితే పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పేస్తుంది. శబ్దం కిలోమీటరు ప్రయాణించడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది కాబట్టి ఆ లెక్క. యుద్ధంలో ఫిరంగి మంట కనిపించినప్పుడు కూడా ఇదే లెక్క. డాక్టర్ల కోసమైతే నాడి కొలిచే స్కేలు వేరే. అంటే ఒకప్పుడు డయల్ చూస్తే పెట్టుకున్న మనిషి ఏం పని చేస్తాడో తెలిసేది.

గుర్రప్పందేల నుంచి చేతికి

కథ పారిస్‌లో మొదలవుతుంది. 1816లో లూయీ మొయినే అనే గడియారాల నిపుణుడు నక్షత్రాల కదలికలు కొలవడానికి ఒక పరికరం పూర్తి చేశాడు. సెకనులో అరవయ్యో వంతు కొలిచేది. కానీ దాని సంగతి ప్రపంచానికి తెలిసింది మొన్నమొన్న, 2013లో. అప్పటిదాకా మొదటివాడన్న పేరు నికొలా రియుసెక్‌దే. ఈయన 1821లో పారిస్ గుర్రప్పందేల్లో తన యంత్రం వాడాడు. గుర్రం గీత దాటగానే నొక్కితే తిరిగే డయల్ మీద సిరా చుక్క పడేది. క్రోనోస్ అంటే గ్రీకులో కాలం, గ్రాఫ్ అంటే రాయడం. ఈ యంత్రం నిజంగానే కాలాన్ని సిరాతో రాసింది. ఆ పేరే ఈరోజుకీ మిగిలింది.

జేబు గడియారాల నుంచి ఇది చేతికి రావడానికి ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది. 1913లో లాంజీన్ తెచ్చినది తొలి చేతి క్రోనోగ్రాఫ్‌లలో ఒకటి. అప్పట్లో అన్నిటికీ ఒకటే బటన్: నొక్కితే మొదలు, నొక్కితే ఆగు, నొక్కితే సున్నా. మధ్యలో ఆపి మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టే వీలు లేదు. బ్రైట్లింగ్ కంపెనీ 1934లో రెండో బటన్ పెట్టింది. ఈరోజు మనం క్రోనోగ్రాఫ్ అనగానే ఊహించుకునే ఆకారం, అంటే మధ్యలో కీ ఇచ్చే పిడి, పైనొకటి కిందొకటి బటన్లు, అప్పుడే స్థిరపడింది.

14 సెకన్లు

1957లో ఒమేగా స్పీడ్‌మాస్టర్ వచ్చింది. పేరులోనే ఉంది, కార్ల రేసుల కోసం చేసింది. టాకీమీటర్‌ని డయల్ మీంచి తీసి బయటి అంచు మీద పెట్టిన మొదటి చేతి వాచీ ఇదే. డయల్ ఖాళీ అయింది, చదవడం తేలికైంది.

1964లో నాసా వ్యోమగాముల కోసం క్రోనోగ్రాఫ్‌లు వెతికింది. చివరికి మూడు కంపెనీల వాచీలు పరీక్షలదాకా వచ్చాయి: రోలెక్స్, లాంజీన్ విట్నవర్, ఒమేగా. పరీక్షలు మామూలుగా లేవు. 71 డిగ్రీల వేడిలో 48 గంటలు, తర్వాత 93 డిగ్రీల్లో అరగంట. ఆ తర్వాత గడ్డకట్టే చలి, శూన్యం, తేమ, కుదుపులు, దెబ్బలు. మిగతా రెండూ ఈ పరీక్షల్లో చేతులెత్తేశాయి. స్పీడ్‌మాస్టర్ నిలబడింది. 1965 మార్చి 1న నాసా దాన్ని ఓకే చేసింది.

1969 జూలైలో చంద్రుడి మీద దాన్ని పెట్టుకున్నది బజ్ ఆల్డ్రిన్. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని ల్యాండర్ లోపలే వదిలేశాడు, ఎందుకంటే లోపలున్న ఎలక్ట్రానిక్ టైమర్ పాడైంది. ఇంతా చేసి ఆల్డ్రిన్ వాచీ తర్వాత మ్యూజియంకి పంపుతుంటే దారిలో పోయింది. ఇప్పటికీ దొరకలేదు!

అయితే నాకు దానికంటే ఎక్కువ గుర్తుండేది అపోలో 13. 1970 ఏప్రిల్. ఆక్సిజన్ ట్యాంకు పేలింది, కరెంటు ఆదా చెయ్యడానికి దాదాపు అన్నీ ఆపేశారు. భూమికి వచ్చే దారి కొంచెం తప్పింది. సరిచెయ్యాలంటే ఇంజిన్‌ని సరిగ్గా 14 సెకన్లు మండించాలి. జాక్ స్వైగర్ట్ చేతికున్న స్పీడ్‌మాస్టర్ చూస్తూ లెక్క చెప్పాడు. ముగ్గురూ ఇంటికొచ్చారు. కీ ఇచ్చి తిప్పే వాచీ, గుండె ఆకారం బిళ్ళ, ఒక సుత్తి... అంతే.

ఇప్పుడు కలెక్టర్ల గొడవ చూడండి. ఇదే వాచీ రెండు రకాల అద్దాలతో దొరుకుతుంది. ఒకటి హెసలైట్, అంటే ఒక రకం ప్లాస్టిక్. అంతరిక్షంలో గాజు పగిలి ముక్కలు గాల్లో తేలితే ప్రమాదం కాబట్టి దీన్నే వాడారు. గీతలు పడతాయి, పాలిష్ చేసుకోవచ్చు. రెండోది సఫైర్, గీతలు పడదు, ధర ఎక్కువ. ఒక వర్గం "చంద్రుడి మీదకి వెళ్ళింది ప్లాస్టిక్, కాబట్టి అదే అసలు" అంటుంది. ఇంకో వర్గం "నేను ఆఫీసుకి వెళ్తున్నా, చంద్రుడి మీదకి కాదు, గీతలు పడని అద్దం ఇవ్వండి" అంటుంది. ఇద్దరూ కరెక్టే. ఒకరు కథని పెట్టుకుంటున్నారు, ఇంకొకరు వస్తువుని పెట్టుకుంటున్నారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

1969: ముగ్గురు మొదటివాళ్ళు

అప్పటిదాకా క్రోనోగ్రాఫ్‌లన్నీ రోజూ కీ ఇచ్చేవే. చెయ్యి ఊపితే తనంతట తనే కీ తిరిగే ఆటోమేటిక్ వాచీలు అప్పటికే ఉన్నాయి, కానీ వాటిలో స్టాప్‌వాచ్ పట్టించడం ఎవరివల్లా కాలేదు. అంత చిన్న చోటులో రెండూ ఇరకాలి మరి.

1969లో మాత్రం ఒకేసారి మూడు వచ్చాయి. జనవరి 10న జెనిత్ కంపెనీ ఎల్ ప్రిమెరో ప్రకటించింది. పేరుకి అర్థమే 'మొదటిది'! సెకనులో పదో వంతు కొలిచేది. మార్చి 3న హోయర్, బ్రైట్లింగ్, హామిల్టన్ బ్యూరెన్, దుబ్వా దెప్రా కలిసి క్రోనోమాటిక్ ప్రకటించాయి. పోటీ కంపెనీలు రహస్యంగా చేతులు కలిపి చేసిన ప్రాజెక్టు అది. ఇక జపాన్‌లో సీకో పెద్ద హడావిడి లేకుండా, 6139 అనే వాచీని ఆ ఏడాది మే నెలకల్లా దుకాణాల్లో పెట్టేసింది.

మరి ఎవరు మొదట? ముందు ప్రకటించినవాళ్ళా? ముందు అమ్మినవాళ్ళా? ఈ వాదన యాభై ఏళ్ళ పైనుంచి నడుస్తోంది. పోకిరి ముందా ఒక్కడు ముందా అని మనవాళ్ళు కొట్టుకుంటే రిలీజ్ డేట్ చూసి తేల్చేయొచ్చు, ఇక్కడ ఆ వీలు కూడా లేదు.

డిజైన్ చూస్తే మూడూ మూడు దారులు. క్రోనోమాటిక్ పెట్టిన హోయర్ మొనాకో చతురస్రంగా ఉంటుంది, నీలం డయల్, పిడి ఎడమ వైపు. "దీనికి మీరు రోజూ కీ ఇవ్వక్కర్లేదు" అని చెప్పడానికి ఎడమ వైపు చూపించి ప్రచారం చేసుకున్నారు. స్టీవ్ మెక్వీన్ 1971లో వచ్చిన 'లే మాన్స్' సినిమాలో పెట్టుకున్నాడు. అయినా అప్పట్లో అంతగా అమ్ముడుపోలేదు. ఎల్ ప్రిమెరోలో మూడు చిన్న డయల్స్ మూడు రంగుల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కొందరికి అందం, కొందరికి చిందరవందర. సీకోలో ఒక్కటే చిన్న డయల్, పసుపు రంగులో మెరిసేది బాగా ఫేమస్. విలియం పోగ్ అనే వ్యోమగామి అలాంటిదే ఒకటి సొంతంగా కొనుక్కుని, నాసా ఇచ్చినది ఉన్నా సరే, 1973లో స్కైల్యాబ్‌కి జేబులో పెట్టుకెళ్ళాడు. అలా అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ అదే అయింది.

సీకోలో ఇంకో గొప్పతనం ఉంది. దాని క్లచ్ నిలువుగా, బైక్ క్లచ్ ప్లేట్ల లాగా ఒకదాన్నొకటి నొక్కుకుంటుంది. అందుకే స్టార్ట్ చేసినప్పుడు ముల్లు అదరదు. ఇప్పటి చాలా ఖరీదైన వాచీల్లో ఇదే పద్ధతి వాడుతున్నారు.

అటక మీద దాచిన పనిముట్లు

ట్విస్ట్ ఏంటంటే, అదే 1969 డిసెంబర్ 25న అదే సీకో ప్రపంచంలో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టింది. బ్యాటరీతో నడిచేది. ఎంత గొప్ప మెకానికల్ వాచీ అయినా దాని కచ్చితత్వం ముందు నిలబడలేదు. కొన్నేళ్ళకే ధరలు కూడా పడిపోయాయి. స్విట్జర్లాండ్ వాచీ పరిశ్రమలో 1970లో సుమారు 90,000 మంది పనిచేసేవాళ్ళు. 1980ల మధ్యకి వచ్చేసరికి 30,000 చిల్లర మిగిలారు. ఐటీలో లేఆఫ్‌ల రోజులు చూసిన మనకి ఈ అంకె వెనకాల ఏముంటుందో తెలుసు.

జెనిత్‌ని 1971లో ఒక అమెరికన్ రేడియో కంపెనీ కొనేసింది. 1975లో ఆర్డర్ వచ్చింది: మెకానికల్ వాచీలు ఆపేయండి, యంత్రాలు తీసేయండి, ఇక క్వార్ట్జే. చార్ల్స్ వెర్మో అనే ఉద్యోగికి ఇది మింగుడుపడలేదు. ముందు పైవాళ్ళకి ఉత్తరం రాశాడు, వినలేదు. అప్పుడాయన ఏం చేశాడంటే, సాయంత్రాలు అందరూ వెళ్ళిపోయాక, ఎల్ ప్రిమెరో తయారీకి కావాల్సిన పనిముట్లన్నీ ఒక్కొక్కటీ ఫ్యాక్టరీ అటక మీదకి చేరవేశాడు. ప్రతిదానికీ చీటీ అంటించాడు. ఏది ఎందుకు, ఏ వరసలో వాడాలో పుస్తకంలో రాసి పెట్టాడు. డాక్యుమెంటేషన్ బాస్! ఉద్యోగం పోయే పని అని తెలిసీ చేశాడు.

దాదాపు పదేళ్ళు అవి అటక మీదే ఉన్నాయి. 1980ల్లో మెకానికల్ వాచీల మీద మళ్ళీ మోజు మొదలైంది. రోలెక్స్‌కి తన డేటోనా వాచీ కోసం ఒక ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ యంత్రం కావాల్సొచ్చింది. వెర్మో అటక తలుపు తెరిచాడు. 1988లో వచ్చిన ఆటోమేటిక్ డేటోనాలో ఉన్నది, రోలెక్స్ మార్పులు చేసిన ఎల్ ప్రిమెరోనే. 2000 దాకా అదే నడిచింది. ఆ తర్వాతే రోలెక్స్ సొంతది తయారుచేసుకుంది. ఆ ఒక్క మనిషి మాట వినకపోవడం వల్ల ఒక యంత్రం బతికింది, బహుశా ఒక కంపెనీ కూడా.

ఎవరూ కొనని డయల్

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన వాచీ దగ్గరికి వద్దాం. రోలెక్స్ డేటోనా 1963లో వచ్చింది. ఈరోజు షోరూమ్‌కి వెళ్ళి అడిగితే వెయిటింగ్ లిస్టు అంటారు. కానీ 1960ల్లో, 70ల్లో ఇది షోకేసుల్లో కదలకుండా పడి ఉండేది. కీ ఇచ్చే వాచీ, ఎవరిక్కావాలి? అందులోనూ ఒక ప్రత్యేకమైన డయల్ ఉండేది. చిన్న డయల్స్‌లో గీతల చివర చిన్న చిన్న చతురస్రాలు, పాత సినిమా పోస్టర్ లాంటి అంకెలు, రెండు మూడు రంగులు. జనానికి ఇది అస్సలు ఎక్కలేదు. మామూలు డయలే ఇవ్వండి అనేవాళ్ళు. అందుకే తక్కువ తయారయ్యాయి.

హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కి కార్ల రేసుల పిచ్చి. ఆయన భార్య, నటి జోవాన్ వుడ్‌వర్డ్, 1960ల చివర్లో అలాంటి డయల్ ఉన్న డేటోనా ఒకటి కొనిచ్చింది. వెనక "జాగ్రత్తగా నడుపు, ఇట్లు నేను" అనే అర్థం వచ్చేలా చెక్కించింది. ఆయన దాన్ని ఏళ్ళ తరబడి పెట్టుకున్నాడు, ఫోటోల్లో కనిపించింది. 1984లో ఒకరోజు కూతురి బాయ్‌ఫ్రెండ్‌ని టైమ్ ఎంతైంది అని అడిగితే, అతని దగ్గర వాచీ లేదు. న్యూమన్ తన చేతికున్నది తీసి ఇచ్చేశాడు, కీ ఇస్తుంటే బాగానే నడుస్తుందని చెప్పి. అంతే సింపుల్‌గా.

తర్వాత ఇటలీ కలెక్టర్లు ఆ డయల్‌కి 'పాల్ న్యూమన్' అని పేరు పెట్టి వెతకడం మొదలుపెట్టారు. ధరలు ఎక్కడం మొదలైంది. 2017 అక్టోబర్ 26న న్యూయార్క్‌లో ఫిలిప్స్ సంస్థ వేలంలో ఆయన సొంత వాచీ అమ్మకానికి వచ్చింది. మొదటి పాటే కోటి డాలర్లు. చివరికి 1.775 కోట్ల డాలర్లకి పోయింది. అప్పటి రేటులో సుమారు 115 కోట్ల రూపాయలు.

ఒక్కసారి ఆలోచించండి. డయల్ అదే. చతురస్రాలు అవే. 1970లో ముఖం తిప్పుకున్నారు, ఇప్పుడు "ఆహా, ఏం డిజైన్" అంటున్నారు. మరి మారింది మన కళ్ళా, ధరా?

ఇలాంటిదే ఇంకోటి. పటెక్ ఫిలిప్ 1941లో 1518 అనే వాచీ మొదలుపెట్టింది. క్రోనోగ్రాఫ్, దాంతోపాటు లీపు సంవత్సరాలు కూడా లెక్కేసుకునే క్యాలెండర్. ఎక్కువ భాగం బంగారంతో చేశారు. స్టీల్‌తో చేసినవి నాలుగే బయటికి తెలుసు. 2016లో జెనీవా వేలంలో ఆ స్టీల్‌ది ఒకటి 1.1 కోట్ల స్విస్ ఫ్రాంకులు పలికింది. బంగారం దానికంటే స్టీల్‌ది ఎక్కువ! మా అమ్మకి ఈ విషయం చెప్తే "మీకందరికీ పిచ్చి పట్టింది" అంది. ఆవిడ లెక్కలో న్యాయం ఉంది.

వెనక వైపు చూసేవాళ్ళు

అయితే అందరూ ధర చూసే ఇష్టపడతారంటే అన్యాయం. కలెక్టర్లలో ఒక రకం వాళ్ళున్నారు, వాచీ చేతికిస్తే ముందు తిరగేసి చూస్తారు. వాళ్ళ దేవుడు జర్మనీ కంపెనీ లాంగే అండ్ జోనె చేసిన డాటోగ్రాఫ్.

లాంగే కథ కూడా చిన్నది కాదు. గ్లాస్‌హ్యుట్ అనే చిన్న ఊళ్ళో ఉన్న వీళ్ళ ఫ్యాక్టరీ మీద 1945 మే 8న, ఐరోపాలో యుద్ధం ముగిసే రోజున, బాంబులు పడ్డాయి. 1948లో తూర్పు జర్మనీ ప్రభుత్వం కంపెనీని స్వాధీనం చేసుకుంది. ఆ కుటుంబానికి చెందిన వాల్టర్ లాంగే, బెర్లిన్ గోడ పడిపోయాక, 1990లో 66 ఏళ్ళ వయసులో కంపెనీని సున్నా నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. 1999లో డాటోగ్రాఫ్ వచ్చింది. వెనక అద్దంలోంచి చూస్తే మీటలు, చక్రాలు, స్ప్రింగులు అంతస్తులు అంతస్తులుగా పేర్చిన ఒక చిన్న ఊరు లాగా ఉంటుంది. ప్రతి అంచూ చేత్తో పాలిష్ చేసిందే. మొత్తం ఒకసారి బిగించి, సరిచూసి, విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగిస్తారు.

వీళ్ళు బటన్ నొక్కితే వేలికి తెలిసే స్పర్శ గురించి కూడా మాట్లాడతారు. కోట బురుజు లాంటి స్తంభాలున్న చక్రం, అంటే కాలమ్ వీల్, ఉంటే మెత్తగా టిక్ మంటుంది. దాని బదులు చవగ్గా చేసే కామ్ ఉంటే కాస్త గట్టిగా నొక్కాలి. మెకానికల్ కీబోర్డు పిచ్చి ఉన్న ప్రోగ్రామర్లకి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. "ఏ స్విచ్, బ్లూనా బ్రౌనా" అని మనం కొట్టుకోలేదా ఏంటి?

మరి మన దగ్గర?

మన ఇళ్ళలోకి వద్దాం. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. అవి క్రోనోగ్రాఫ్‌లు కాదు, మామూలు కీ ఇచ్చే వాచీలే: జనతా, పైలట్, సోనా. పెళ్ళికొడుక్కి పెట్టిన వాచీ, ఉద్యోగం వచ్చినప్పుడు కొన్న వాచీ అంటే చాలా ఇళ్ళలో అదే. 1987లో టైటాన్ వాచీలు మార్కెట్లోకి వచ్చాక జనం సన్నటి క్వార్ట్జ్ వైపు వెళ్ళిపోయారు. హెచ్‌ఎంటీలు బీరువాల్లోకి, సొరుగుల్లోకి చేరాయి. 2014లో కంపెనీ మూసేస్తున్నారని వార్త రాగానే, అదే వాచీల కోసం ఎగబడ్డారు, ఆన్‌లైన్‌లో రేట్లు పెరిగాయి. స్విట్జర్లాండ్‌లో జరిగిందే మన వీధిలోనూ జరిగింది. కాకపోతే సున్నాలు తక్కువ.

మా నాన్నది హెచ్‌ఎంటీ జనతా. పొద్దున్నే కాఫీ తాగుతూ, పేపర్ తిరగేసే ముందు దానికి కీ ఇచ్చేవారు. ఆ గర్‌గర్ చప్పుడు నాకిప్పటికీ గుర్తు. నేను ఆ నకిలీ క్రోనోగ్రాఫ్ కొన్న రోజు ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది రా, కానీ టైమ్ ఎక్కడ కనిపిస్తుంది?" అన్నారు. అప్పుడు నవ్వా. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగింది అసలైన డిజైన్ ప్రశ్న. స్పీడ్‌మాస్టర్ చేసినవాళ్ళు టాకీమీటర్‌ని బయటికి తోసింది కూడా ఆ ప్రశ్నకి జవాబుగానే కదా.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2021, 22 ప్రాంతంలో ఖరీదైన వాచీల సెకండ్ హ్యాండ్ ధరలు విపరీతంగా ఎక్కాయి. "వాచీ అంటే ఇన్వెస్ట్‌మెంట్ బ్రో" అని అందరూ మొదలెట్టారు. నా ఫ్రెండ్ ఒకడు పర్సనల్ లోన్ తీసుకుని ఒక క్రోనోగ్రాఫ్ కొన్నాడు. ఆ తర్వాత మార్కెట్ దిగింది. ఈఎంఐ మాత్రం దిగలేదు. నాకు బాధ కలిగించింది డబ్బు పోవడం కాదు. "పోనీలే, నీకు నచ్చిన వాచీ ఉంది కదా" అంటే వాడు, "నిజం చెప్పాలంటే నాకు ఆ డయల్ ఎప్పుడూ నచ్చలేదు రా, పెరుగుతుందని కొన్నా" అన్నాడు. అదే లోన్ పేపర్ల మీద నా సంతకం పడటానికి కూడా వారం రోజులే తేడా. నేను ఆగింది తెలివితేటల వల్ల కాదు, నా లోన్ అప్లికేషన్ రిజెక్ట్ అయింది కాబట్టి.

అందుకే ఇప్పుడు ఏ వాచీ చూసినా నన్ను నేను ఒక్కటే అడుగుతా. ఇది పాల్ న్యూమన్‌ది కాకపోయినా, చంద్రుడి మీదకి వెళ్ళకపోయినా, రేపు ధర సగానికి పడిపోయినా, నాకు నచ్చుతుందా? అవును అంటే అది నా టేస్ట్. కథ నచ్చి ఇష్టపడినా తప్పు లేదు. స్పీడ్‌మాస్టర్‌లో నాకు నచ్చేది ఆ 14 సెకన్లే. కానీ కథ నచ్చిందా, వాచీ నచ్చిందా, ధర నచ్చిందా అనేది మనకి తెలిసి ఉండాలి.

సరే, "మరి నీ ఓటు దేనికి" అంటారు కదా. డబ్బుతో పని లేదు, ఏదైనా తీసుకో అంటే, నేను సీకో 6139 తీసుకుంటా, పసుపు డయల్‌ది. పెద్ద సభ పెట్టకుండా వచ్చి, పని చేసి, ఎవరికీ చెప్పకుండా అంతరిక్షానికి వెళ్ళొచ్చింది. రెండో ఓటు వెర్మో దాచిన ఎల్ ప్రిమెరోకి. మొనాకో చాలామందికి ఇష్టం, నా సన్నటి చేతికి మాత్రం అగ్గిపెట్టె కట్టినట్టుంటుంది, సారీ.

నా చేతికి ఇప్పుడున్నది నాన్న జనతా. పోయినేడాది రిపేర్ చేయించా. రోజుకి రెండు మూడు నిమిషాలు వెనకబడుతుంది. టైమ్ కోసం ఫోన్ ఉంది కదా. పొద్దున్నే కీ ఇవ్వడం కోసం మాత్రం ఇది.

మీ ఇంట్లో సొరుగులో పాత వాచీ ఏదైనా ఉందా? ఈ ఆదివారం తీసి చూడండి. అది ఎవరిది, ఎప్పుడు కొన్నారు అని ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళు చెప్పిన కథ కింద కామెంట్‌లో రాయండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. ధర మాత్రం రాయకండి!

మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.